మిస్డ్ కాల్‌కీ రీచార్జి కావాలి

అమ్మ ఫోను రెండు రోజులు మోగలేదు. 2024 దసరాకు ముందు వారం సంగతిది. నేను చేసినప్పుడల్లా ఒక ఆడగొంతు ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సదుపాయం లేదని మూడు భాషల్లో మర్యాదగా చెప్పి ఊరుకునేది. మూడో రోజు పొద్దున్నే పక్కింటి అత్తయ్యకు ఫోన్ చేసి అమ్మకివ్వమన్నాను. "నా ఫోనుకేం, బాగానే ఉందిరా. లైటు కూడా వెలుగుతోంది. నువ్వే చేయట్లేదనుకున్నా" అంది అమ్మ. నిజమే, ఫోను బాగానే ఉంది. బ్యాటరీ నిండుగా ఉంది. రీచార్జి గడువు మాత్రం తీరిపోయింది.

అమ్మది బటన్ల ఫోను. అందులో నంబర్లున్నాయి, టార్చి ఉంది, రేడియో ఉంది. ఇంటర్నెట్ లేదు, ఆమెకు అక్కర్లేదు కూడా. రోజు మొత్తంలో ఆమె చేసే కాల్స్ రెండో మూడో. వచ్చేవి నాలుగో అయిదో. ఆ కాస్త దానికి నెలనెలా నేను కట్టే ప్యాక్‌లో రోజుకింత డేటా అని కూడా కలిపి ఉండేది. నూనె కొనుక్కునేవాడికి కారు కూడా అంటగట్టి, రెండింటికీ కలిపి బిల్లు వేసినట్టన్న మాట. ఆ నెల పని ఒత్తిడిలో కట్టడం మర్చిపోయాను. తప్పు నాదే. కానీ ఎవరికీ ఫోన్ చేయని మనిషికి, ఎవరైనా చేస్తే ఎత్తడానికి కూడా నెలనెలా డబ్బు కట్టాలన్న నియమం ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అన్న ప్రశ్న మాత్రం అప్పటినుంచీ వదల్లేదు.

సెల్‌ఫోన్ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఫీచర్ల గురించి చెబుతారు. ఏ మోడల్‌లో కెమెరా వచ్చింది, దేనిలో రంగుల తెర వచ్చింది వగైరా. మన దేశంలో ఆ చరిత్రను నడిపించింది ఫీచర్లు కాదు, బిల్లు. ఎవరు డబ్బు కట్టాలి, దేనికి కట్టాలి అన్న రెండు ప్రశ్నలకు ప్రభుత్వమూ కంపెనీలూ ఎప్పటికప్పుడు ఇచ్చుకున్న జవాబులే జనం చేతిలోని ఫోను రూపురేఖల్ని నిర్ణయించాయి.

మొదటి ఫోన్లను చూస్తే ఇది జేబులో పెట్టుకునే వస్తువవుతుందని ఎవరూ అనుకోరు. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్‌లోని సిక్స్త్ అవెన్యూలో నిలబడి మోటరోలా ఇంజనీర్ మార్టిన్ కూపర్, పోటీ సంస్థ బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న జోయెల్ ఎంగెల్‌కు ఫోన్ చేశాడు. చేతిలోని యంత్రం బరువు కిలో పైచిలుకు. ప్రత్యర్థికే ఫోన్ చేసి గెలుపు చెప్పుకోవడంతో మొదలైన సాధనం అది. దుకాణంలోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది. 1983లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన డైనాటాక్ 8000ఎక్స్ ధర 3,995 డాలర్లు. బరువు 800 గ్రాములకు కాస్త తక్కువ. అరగంట మాట్లాడాలంటే పది గంటలు చార్జింగ్ పెట్టాలి. 30 నంబర్లు గుర్తుపెట్టుకోవడం దాని ఘనమైన ఫీచర్లలో ఒకటి.

మన దేశానికి సెల్‌ఫోన్ వచ్చేసరికి కాలం 1995కు చేరింది. అంతకు ముందు ఏడాదే, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, జాతీయ టెలికాం విధానం ప్రకటించారు. మహానగరాల లైసెన్సుల వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కి దిగింది. చివరికి 1995 జులై 31న కోల్‌కతా రైటర్స్ బిల్డింగ్ నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. దేశంలో తొలి మొబైల్ కాల్ అదే. మోదీ టెల్‌స్ట్రా నెట్‌వర్క్, నోకియా హ్యాండ్‌సెట్. ఒక కమ్యూనిస్టు ముఖ్యమంత్రి ప్రైవేటు టెలికాంకు కొబ్బరికాయ కొట్టడం ఆనాటి విశేషం. అవతలి ఫోనెత్తిన మంత్రి ఇంట్లో మరుసటి ఏడాది సీబీఐకి కోట్ల రూపాయల నగదు దొరకడం తర్వాతి విశేషం.

అప్పట్లో కాల్ చేస్తే నిమిషానికి 16 రూపాయల దాకా అయ్యేది. ఎవరైనా మనకు చేసినా మన ఖాతాలో కోత తప్పేది కాదు. అంటే చేసినవాడూ కట్టాలి, ఎత్తినవాడూ కట్టాలి. హ్యాండ్‌సెట్ ధర ఒక గుమాస్తాకు కొన్ని నెలల జీతం. సహజంగానే అది కాంట్రాక్టర్ల నడుముకు, ఎమ్మెల్యేల వ్యక్తిగత కార్యదర్శుల చేతికి అలంకారమైంది. పెళ్లిపందిట్లో సెల్‌ఫోన్ మోగితే అందరూ తిరిగి చూసేవారు. మోగించుకున్నవాడికి కావాల్సిందీ అదే.

అయితే ఆ ఖరీదైన రోజుల్లోనే ఈ వస్తువును అలంకారంగా కాక పనిముట్టుగా చూసినవాళ్లున్నారు. వాళ్లు కేరళ జాలర్లు. ఉత్తర కేరళ తీరంలో 1997 నుంచి 2001 వరకు ఫోన్లు ఒక్కో ప్రాంతానికీ విస్తరిస్తున్న క్రమాన్ని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ అధ్యయనం చేశాడు. 1997 జనవరి 14న బడగర రేవులో పదకొండు మంది జాలర్లు కొనేవాళ్లు లేక తమ చేపల్ని పారబోశారు. అదే పొద్దున అక్కడికి 15 కిలోమీటర్ల లోపు రేవుల్లో 27 మంది వ్యాపారులు చేపలు దొరక్క ఎదురుచూస్తున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు. తీరం వెంట టవర్లు వచ్చాయి. సముద్రంలో ఇరవై పాతిక కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందింది. పడవలోంచే రేవులకు ఫోన్ చేసి, ధర ఉన్నచోటికి పడవ తిప్పడం మొదలైంది. పారబోత దాదాపు ఆగిపోయింది. జాలరి లాభం సుమారు 8 శాతం పెరిగితే, కొనేవాడికి ధర 4 శాతం తగ్గింది. 2007లో వచ్చిన ఈ అధ్యయనాన్ని అప్పటినుంచీ ప్రపంచమంతా ఉదాహరిస్తూనే ఉంది. అందులో గుర్తుంచుకోవాల్సిన విషయం, ఇంతా చేసింది కెమెరా లేని, ఇంటర్నెట్ లేని, మాట్లాడటం మాత్రమే తెలిసిన ఫోను.

పొరుగున బంగ్లాదేశ్‌లోనూ అదే 1997లో మరో దారి తొక్కారు. అక్కడ గ్రామీణ్ బ్యాంకు నుంచి అప్పు తీసుకున్న ఒక మహిళ సెల్‌ఫోన్ కొని, ఊరివాళ్లకు నిమిషాల లెక్కన మాట్లాడుకోనిచ్చేది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడాలన్నా, ఢాకాలో ధాన్యం ధర కనుక్కోవాలన్నా ఆమె గడపే దిక్కు. ఒక్క హ్యాండ్‌సెట్ ఊరంతటికీ ఫోనైంది. మన ఎస్టీడీ బూత్‌కు తీగలు తెంచి, ఒక ఆడమనిషి చేతిలో పెట్టినట్టన్న మాట. తర్వాత ఫోన్లు చవకై ఇంటింటికీ రావడంతో ఆ ఉపాధి తగ్గిపోయింది. కానీ పేదవాళ్లకు ఫోనెందుకని అడిగేవాళ్ల నోరు మాత్రం అది అప్పుడే మూయించింది.

అప్పు చేసి ఫోను కొనడం ఒక ఎత్తయితే, అసలు డబ్బే కట్టకుండా ఫోనును మాట్లాడించడం మరో ఎత్తు. ఆ విద్య కనిపెట్టింది జనమే. దాని పేరు మిస్డ్ కాల్. ఏ కంపెనీ ప్రకటనలోనూ లేని ఈ సదుపాయానికి ఆధారం ఫోను మీది చిన్న తెర. ఊళ్లలో సాధారణ ల్యాండ్‌లైన్ మోగితే ఎత్తేదాకా అవతలెవరో తెలిసేది కాదు. సెల్‌ఫోన్ తెర మీద నంబరు కనబడేది. నంబరు కనబడిందంటే సగం కబురు అందినట్టే. ఎత్తితే తనకూ బిల్లు పడే రోజుల్లో తెలివైనవాడు ఆ నంబరు చూసి, కాల్ కట్ చేసి, వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు నడిచేవాడు.

ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఈ విద్య భాషగా మారింది. ఒక రింగ్ ఇస్తే క్షేమంగా చేరానని. రెండిస్తే కిందికి రమ్మని. ఆటో అతను గేటు ముందు ఆగి ఇచ్చేది, పాలబ్బాయి ఇచ్చేది, హాస్టల్ విద్యార్థి రాత్రి ఎనిమిదింటికి ఇంటికిచ్చేది. పీజీ చదివేటప్పుడు మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. నలుగురి ఫోన్లలోనూ బ్యాలెన్సు రెండు రూపాయలకు మించి ఉండేది కాదు. ఇళ్లతో, స్నేహితులతో సంబంధాలు మాత్రం ఎక్కడా తెగలేదు. ఈ భాషలో ఒక మర్యాద కూడా ఉండేది. చిన్నవాడు పెద్దవాడికి, పనివాడు యజమానికి, పిల్లలు తల్లిదండ్రులకు మిస్డ్ కాల్ ఇవ్వొచ్చు. దాన్ని తిరగేస్తే పిసినారితనం కిందికి వస్తుంది. జీతం వచ్చాక కూడా నాన్నకు మిస్డ్ కాల్ ఇచ్చినవాడు ఊళ్లో పేరు పోగొట్టుకునేవాడు.

అసలు మలుపు 2003లో వచ్చింది. ఆ ఏడాది మే 1 నుంచి, కాల్ చేసినవాడే డబ్బు కట్టాలన్న పద్ధతి అమల్లోకొచ్చి ఇన్‌కమింగ్ ఉచితమైంది. దానికి ముందే 1999 టెలికాం విధానం భారీ లైసెన్సు ఫీజుల బదులు ఆదాయంలో వాటా పద్ధతి తెచ్చి కంపెనీలకు ఊపిరి పోసింది. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్, అదే డిసెంబరులో రిలయన్స్ ఇన్ఫోకామ్ రంగంలోకి దిగాయి. 2003 వర్షాకాలంలో రిలయన్స్ 501 రూపాయలు కడితే ఫోను చేతికిస్తామంది. 2000 నాటికి ఇరవై లక్షలకు అటూఇటూగా ఉన్న మొబైల్ కనెక్షన్లు 2005 నాటికి అయిదు కోట్లు దాటాయి. ఈ విస్ఫోటనానికి కొత్త ఫీచర్ ఏదీ కారణం కాదు. ఫోనెత్తడానికి డబ్బు కట్టనక్కర్లేదన్న ఒకే ఒక్క నియమమే కారణం. ఒకసారి చేతిలో సెట్టు పడితే, రూపాయి లేకపోయినా మనిషి అందుబాటులో ఉంటాడు. మేస్త్రి పిలిస్తే కూలి అందుతాడు. కూతురు పిలిస్తే తల్లి అందుతుంది.

ఆ ఏడాదే నోకియా 1100 వచ్చింది. జపాన్‌లో కెమెరా ఫోన్లు వచ్చి అప్పటికే మూడేళ్లు. 1100లో మాత్రం కెమెరా లేదు, రంగుల తెర లేదు. దుమ్ము చొరబడకుండా బటన్ల మీద ఒకే రబ్బరు పొర ఉంది. చెమట చేతిలోంచి జారకుండా పక్కలకు గరుకు పట్టు ఉంది. నెత్తిన ఒక బుల్లి టార్చి ఉంది. సి బటన్ నొక్కి పట్టుకుంటే వెలిగేది. కంపెనీ లెక్క ప్రకారం ఒకసారి చార్జి చేస్తే స్టాండ్‌బైలో 400 గంటల దాకా నిలిచేది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. మా ఇంట్లోకి వచ్చిన మొదటి ఫోను కూడా అదే. ఎండాకాలం కరెంటు కోతల్లో నాన్న దాన్ని ఫోనుగా వాడింది తక్కువ, టార్చిగా వాడింది ఎక్కువ. మోటారు దగ్గరికెళ్లేటప్పుడు దారిలో పాముందేమో చూసుకోవడానికి అంతకు మించిన సాధనం లేదు. ఇంజనీర్లు తమకు తోచింది పెట్టకుండా జనం బతికే తీరును చూసి చేసిన ఫోనది.

అదే తరహాలో 2007లో నోకియా 1200లో అయిదు వేర్వేరు ఫోన్‌బుక్‌లు పెట్టింది. ఒక ఫోనును ఇంటిల్లిపాదీ, ఒక్కోసారి వీధంతా వాడుకుంటారని గమనించినందుకు ఫలితమది. ఎవరి నంబర్లు వారివి. ఎవరెంతసేపు మాట్లాడారో లెక్క కూడా చూసుకోవచ్చు. కరెంటు సరిగా లేని ఊళ్ల కోసం మైక్రోమాక్స్ నెల రోజులు నిలిచే బ్యాటరీతో ఎక్స్1ఐ తెచ్చింది. ఇక రెండు సిమ్‌ల ఫోను పూర్తిగా మన బిల్లు కడుపున పుట్టిన బిడ్డ. ఒకే నెట్‌వర్క్‌లో మాట్లాడితే చవక, వేరే నెట్‌వర్క్‌కు చేస్తే ఖరీదు అన్న రోజులవి. అందుకే జనం రెండు సిమ్‌లు కొని జేబులో మార్చుకుంటూ తిరిగేవారు. చైనా సెట్లూ, దేశీ కంపెనీలూ ఈ అవసరాన్ని వెంటనే పసిగట్టాయి. టార్చి దాకా ఆలోచించిన నోకియా ఇక్కడ వెనకబడింది. మన మార్కెట్లో దాని పట్టు సడలడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

జనం జీవితాన్ని గమనించినవాళ్లు కూడా జనం భాషను అంతగా పట్టించుకోలేదు. ఎస్ఎంఎస్ సంగతే చూడండి. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో తొలి సందేశం వెళ్లింది, క్రిస్మస్ శుభాకాంక్షలతో. ఒక్కో సందేశానికి ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లిష్ లిపికి ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు వంటి లిపులకు ఒక్కో గుర్తుకు పదహారు బిట్లు కావాలి. కాబట్టి పట్టేవి 70 మాత్రమే. ఆ 70 కూడా నిండు అక్షరాలు కావు. గుణింతానికొకటి, పొల్లుకొకటి, సున్నాకొకటి లెక్కే. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరు స్థానాలు తింటుంది. 'సంక్రాంతి శుభాకాంక్షలు' మన కంటికి ఎనిమిది అక్షరాలు, ఫోనుకు ఖాళీతో కలిపి 22. ఇంగ్లిష్‌వాడు రూపాయికి రెండు వాక్యాలు పంపితే తెలుగువాడికి ఒక వాక్యమైనా పూర్తి కాదు. పైగా అవతలి ఫోనులో తెలుగు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనబడేవి. అందుకే ఒక తరం మొత్తం తెలుగును ఇంగ్లిష్ లిపిలో రాయడం నేర్చింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎన్ని సంఘాలు భాషోద్యమం నడిపినా ఒక కొలత వల్ల జరిగిన నష్టం పూడలేదు. దేశంలో అమ్మే ఫోన్లన్నిటిలో భారతీయ భాషలు చదివే వీలుండాలని కేంద్రం ఆదేశించింది 2016లో. అప్పటికి తొలి కాల్ మోగి ఇరవై ఒక్కేళ్లు.

పండగ రోజుల్లో ఇంకో ముచ్చట. నెలంతా ఉచిత మెసేజ్‌ల ప్యాక్ వేయించుకున్నవాడికి సరిగ్గా సంక్రాంతి నాడు, దీపావళి నాడు, కొత్త సంవత్సరం నాడు ఆ ప్యాక్ చెల్లేది కాదు. దండిగా పంపేది ఆ రోజే కదా మరి. ఎస్ఎంఎస్ నడిచేది నెట్‌వర్క్ తన సొంత సంకేతాల కోసం ఏర్పాటు చేసుకున్న మార్గంలోని ఖాళీలో. కంపెనీకి అయ్యే అదనపు ఖర్చు నామమాత్రం. వసూలు మాత్రం పండగంత ఘనం.

ఇంతకీ మిస్డ్ కాల్ ఏమైంది? దానికి గిరాకీ పెరిగింది. 2011లో అన్నా హజారే ఉద్యమానికి మద్దతుగా మిస్డ్ కాల్ ఇవ్వమన్నారు. తర్వాత బీజేపీ సభ్యత్వ నమోదుకు అదే దారి పట్టింది. బెంగళూరులో మిస్డ్ కాల్ మీదే నడిచిన జిప్‌డయల్ అనే సంస్థను 2015లో ట్విటర్ కొనేసింది. చివరికి 2019లో కంపెనీల తగాదాలో అదొక ఆయుధమైంది. అప్పట్లో ఎవరి నెట్‌వర్క్ నుంచి కాల్ వెళితే వారు అవతలివారికి నిమిషానికి 6 పైసలు కట్టాలి. రింగ్ త్వరగా ఆగిపోతే మిస్డ్ కాల్స్ పెరుగుతాయి, అవతలివాడు తిరిగి చేస్తాడు, పైసలు ఇటొస్తాయి. రింగ్ సమయం తగ్గించి ఆడుతున్నారని ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకున్నారు. మొబైల్ 30 సెకన్లు, ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాలని ఆ నవంబరులో ట్రాయ్ తీర్పు చెప్పాల్సి వచ్చింది. పేదవాడి ఉపాయం పెద్దల వ్యాపారానికి అలా ఎక్కింది.

ఇదంతా జరుగుతుండగానే అడుగున పునాది కదిలింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చవకైంది, కాల్స్ దాదాపు ఉచితమయ్యాయి. కోట్ల మందికి మేలు జరిగింది, కాదనలేం. దెబ్బతిన్న పాత కంపెనీలు ఎవరి నుంచి ఎంతొస్తోందని లెక్క తీశాయి. తమ నెట్‌వర్క్‌లో కోట్ల మంది నెలకు పది రూపాయలు కూడా ఖర్చు పెట్టకుండా ఇన్‌కమింగ్ మీదే బతుకుతున్నారని తేలింది. 2005 చివర్లో ఇవే కంపెనీలు 999 రూపాయలు కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అని గోడల నిండా ప్రకటనలు రాయించాయి. 2018 చివరికొచ్చేసరికి 28 రోజులకు కనీసం 35 రూపాయలు వేయకపోతే ముందు అవుట్‌గోయింగ్, ఆ తర్వాత ఇన్‌కమింగ్ ఆగిపోతాయన్నాయి. జీవితాంతమంటే ఎవరి జీవితమో జనానికి అప్పుడు అర్థమైంది. 2003 నాటి నియమం కాగితం మీద అలాగే ఉంది. ఇన్‌కమింగ్‌కు నిమిషాల లెక్కన చార్జి లేదు. నెల అద్దె మాత్రం వచ్చింది. ఆ అద్దె పెరుగుతూ వచ్చింది. 2024 జులై ధరల పెంపు తర్వాత ఒక పెద్ద కంపెనీలో నెలవారీ కనీస ప్యాక్ 199 రూపాయలకు చేరింది. 35 నుంచి 199, ఆరేళ్లలో.

ఇక్కడ నెల అంటే నెల కూడా కాదు. 28 రోజుల లెక్కన ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు. కనీసం ఒక్క ప్యాకయినా 30 రోజులకు ఉండాలని ట్రాయ్ 2022లో చెప్పాల్సి వచ్చింది.

కంపెనీల వాదననూ వినాలి. టవర్‌కు కరెంటు కావాలి, స్పెక్ట్రమ్‌కు వేల కోట్లు కట్టాలి. 2019లో సుప్రీంకోర్టు తీర్పుతో పాత బకాయిలు మెడకు చుట్టుకున్నాయి. రూపాయి రాని సిమ్‌ను ఎన్నాళ్లు మోస్తామని వారి ప్రశ్న. సబబైన ప్రశ్నే. కానీ ఇన్‌కమింగ్ కాల్ ఎత్తేవాడు ఊరికే పడి ఉన్న బరువు కాదు. అతనున్నాడు కాబట్టే అవతలివాడు డబ్బు కట్టి కాల్ చేస్తున్నాడు. నేను నా ప్యాక్ వేయించుకునేది అమ్మతో మాట్లాడటానికే. అమ్మ ఫోను మోగకపోతే నా ప్యాక్‌తో నాకేం పని?

తొలి కాల్‌కు పాతికేళ్లయిన రోజున, 2020 జులై 31న, ముకేశ్ అంబానీ 2జీని చరిత్రలో కలిపేయాలని పిలుపునిచ్చారు. 30 కోట్ల మంది అందులో చిక్కుకుపోయారని ఆయన బాధ. చిక్కుకున్నవారిలో కొందరు నిజంగానే స్మార్ట్‌ఫోన్ కొనలేనివాళ్లు. మరికొందరు అమ్మలాంటివాళ్లు. చిక్కుకోలేదు, అక్కడే హాయిగా ఉన్నారు. వాళ్లకు కావాల్సింది విముక్తి కాదు, వాడిన దానికి తగ్గ బిల్లు.

ఆ సంగతి ట్రాయ్‌కు అర్థం కావడానికి మరో నాలుగేళ్లు పట్టింది. కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ ఇచ్చి తీరాలని 2024 డిసెంబరు 23న ఆదేశించింది. దేశంలో ఇంకా 15 కోట్ల మంది దాకా బటన్ల ఫోన్లు వాడుతున్నారని అది ఆ సందర్భంగా గుర్తుచేసింది. 2025 జనవరిలో ప్యాక్‌లు వచ్చాయి. డేటా తీసేశారు, గడువు పెంచారు. రెండు పెద్ద కంపెనీల్లో 84 రోజులకు నాలుగు వందల యాభై రూపాయలకు అటూఇటూ, లేదంటే పదకొండు పన్నెండు నెలలకు ఒకేసారి పద్దెనిమిది వందల దాకా. నెల లెక్కన చూస్తే కాస్త చవకే. కానీ ఒక్కసారిగా అంత తీసి కట్టగలిగినవాడికే ఆ చవక. ఈ దేశంలో సెల్‌ఫోన్ పేదవాడి దాకా చేరింది కిరాణా కొట్లో దొరికిన పది రూపాయల రీచార్జితో. షాంపూ ప్యాకెట్ అమ్మినంత తేలిగ్గా అమ్మారు కాబట్టి చేరింది. రోజుకూలీని ఇప్పుడు సీసా కొనుక్కోమంటే ఎలా?

ఇది మాటలు కోల్పోవడంతో ఆగే వ్యవహారమూ కాదు. బ్యాంకు ఖాతాకూ, ఆధార్‌కూ, గ్యాస్ బుకింగ్‌కూ ఆ నంబరే తాళంచెవి. ఓటీపీ వచ్చేది ఎస్ఎంఎస్‌లో, అంటే బటన్ల ఫోనుకూ వస్తుంది. గడువు తీరిన సిమ్‌కు రాదు. బటన్ల ఫోనువారూ డబ్బు పంపుకోవాలని 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే తెచ్చింది. అందులో ఒక పద్ధతి ఏమిటో తెలుసా? మిస్డ్ కాల్ ఇవ్వడం. ప్రభుత్వ వ్యవస్థలో ఒక అంగం బటన్ల ఫోనును బ్యాంకుగా మారుస్తుంటే, మరో అంగం కళ్ల ముందే ఆ ఫోను మోగకుండా పోతోంది.

పరిష్కారం పెద్ద పరిశోధనేం కాదు. ఏడాదికి ఒక చిన్న మొత్తం కడితే ఇన్‌కమింగ్ కాల్స్, ఎస్ఎంఎస్‌లు ఆగని ఒక కనీస ప్యాక్. చేసే కాల్స్‌కు మాత్రం వాడినంత బిల్లు. దాన్ని వాయిదాల్లో, చిల్లర రీచార్జుల్లో కట్టుకునే వీలు. టవర్ ఖర్చులో తన వంతు ఇవ్వనని ఎవరూ అనడం లేదు. వాడని డేటా ఖర్చు తన నెత్తిన వేయొద్దనే అడుగుతున్నారు. 2003లో ఒక్క నియమం కోట్ల మందిని కలిపింది. ఇప్పుడు కూడా కావాల్సింది అలాంటి నియమమే.

అమ్మ ఫోనుకు ఏడాది ప్యాక్ వేయించాను. ఎన్నిసార్లయినా ఎవరికైనా చేయొచ్చు, డబ్బులు కోయరని చెప్పాను. విన్నది. అయినా ఇప్పటికీ రాత్రి ఎనిమిదిన్నరకు ఒకే ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేస్తుంది. ఫ్రీయే కదమ్మా, మోగనివ్వొచ్చుగా అన్నాను. "డబ్బుల కోసం కాదురా. నువ్వే పనిలో ఉన్నావో ఏమో. వీలైతే నువ్వే చేస్తావు కదా" అంది.

ఆ ఒక్క రింగ్‌కు పైసా ఖర్చు లేదని ఆమె ఇప్పటికీ అనుకుంటోంది. దానికి ఏడాదికి పద్దెనిమిది వందలు కట్టానని నేను చెప్పలేదు.